అంబర్ కోసం డబ్బాల తోట

"హనాదీ, గుమ్మంలో నిలబడ్డ ఆ పెద్దమనిషికి చెప్పు. బీపీ మాత్రలు కింద ఫ్రిజ్ మీద, ఖర్జూరాల డబ్బా వెనకాల ఉన్నాయని."

అత్తయ్య మా వంటింటి తలుపు చాటున నిలబడి అంది. నెత్తి మీద నుంచి పాదాల దాకా నమాజు గౌను వేసుకుంది. ముప్ఫై ఏళ్ళకి పైగా కాపురం చేసిన మొగుడి ముందు!

గుమ్మంలో నిలబడ్డ ఆ పెద్దమనిషి, అంటే మా మామగారు, చెవిటివారేం కాదు. ఆవిడ అన్నది నాకంటే ముందే ఆయనకి వినపడింది. అయినా నా మొహం వైపే చూస్తూ నిలబడ్డారు.

"ఫ్రిజ్ మీద, ఖర్జూరాల డబ్బా వెనకాల ఉన్నాయి మామయ్యా," అన్నాను.

"పొద్దున ఏది వేసుకోవాలో, రాత్రి ఏది వేసుకోవాలో అడుగమ్మా."

"తెల్లది పొద్దున అని చెప్పు," తలుపు చాటు నుంచి అత్తయ్య అందుకుంది. "ఇన్నేళ్ళుగా మింగుతున్నారు, ఆ మాత్రం తెలీదా అని కూడా చెప్పు."

"తెల్లది పొద్దున," అన్నాను. రెండో ముక్క చెప్పలేదు. వినపడిందిగా, మళ్ళీ నేనెందుకు మోయాలి?

మామయ్య కాసేపు అక్కడే నిలబడ్డారు. గడ్డం గీసుకోలేదు. చొక్కా గుండీలు ఒకటి పైకి ఒకటి కిందికి పెట్టుకున్నారు. తర్వాత మెట్లు దిగకుండా పైకి ఎక్కారు. మేడ మీదికి. ఆ తోట దగ్గరికి.

చెప్పుల చప్పుడు వినగానే అత్తయ్య గౌను విప్పి కుర్చీ మీద విసిరింది.

"చూశావా! మాత్ర వేసుకోవడానికి కిందకి కూడా పోలేదు. తిన్నగా దాని దగ్గరికే!"

"అత్తయ్యా, ఆ గౌనెందుకు? మీ ఆయనే కదా."

"తలాక్ పడిందో లేదో తేలేదాకా ఆయన నాకు పరాయి మగాడే. పరాయి మగాడి ముందు నెత్తి విరబోసుకుని తిరగమంటావా?"

ఏం చెప్పను? ఆదివారం సాయంత్రం తలగడ చంకన పెట్టుకుని కింది అంతస్తు నుంచి మా వాటాలోకి వచ్చేసింది ఈవిడ. అప్పటి నుంచి నా పక్కలో పడుకుంటోంది. నా మొగుడు నాయిఫ్ సోఫా మీద ముడుచుకుని పడుకుంటున్నాడు. మామయ్య కింద ఒక్కరే. ఇద్దరికీ టీ నేనే, తిండి నేనే, మాటలు కూడా నేనే మోయాలి. ఇదంతా ఎందుకూ అంటే, చచ్చిపోయిన అంబర్ అనే పావురం కోసం పెట్టిన డబ్బాల తోట కోసం! బయట ఎవరికైనా చెబితే నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రావడం లేదు. వారానికి ఒక్కసారి వచ్చే కుళాయి నీళ్ళు గురువారం దాకా రావు, ట్యాంకులో నీళ్ళు ఆ తోటకే పోస్తున్నారు, నేను తల రుద్దుకుని ఎన్నాళ్ళయిందో అడక్కండి.

*

మధ్యాహ్నం నాయిఫ్ దుకాణం నుంచి భోజనానికి వచ్చాడు. అల్యూమినియం కిటికీలు చేసే దుకాణం అతనిది. పొద్దంతా కొలతలు తీసే మనిషి, అన్నం ముందు కూర్చుని తల్లిని కూడా కొలవడం మొదలెట్టాడు.

"అమ్మా, ఒక్కసారి మాట పొల్లు పోకుండా చెప్పు. నాన్న ఏమన్నాడు?"

అత్తయ్య మలూఖియా ఆకు వలుస్తోంది. తల ఎత్తలేదు.

"'ఈ తోటలో ఒక్క డబ్బా అంగుళం జరిగితే నీకు తలాక్' అన్నారు."

"కోపంగా అన్నాడా?"

"లేదు, పాట పాడుతూ అన్నారు!"

"అది కాదమ్మా. కోపంలో నోరు జారిందంటే మసీదు షేక్ గారు ఒక రకంగా చెబుతారు. నిజంగా అనుకుని అంటే ఇంకో రకంగా చెబుతారు. సరే, అన్నాడు. తర్వాత డబ్బా ఎట్లా జరిగింది? గాలి వీచిందా? పిల్లి దూకిందా? మనం అసలు జరగలేదనే చెప్పచ్చు కదా?"

"నేనే జరిపాను."

నాయిఫ్ నోట్లో ముద్ద అలాగే ఆగిపోయింది. నేను కూడా చెయ్యి ఆపేశాను. ఇన్నాళ్ళూ నేను గాలే అనుకుంటున్నాను మరి. మా కొండ మీద గాలి తక్కువేం కాదు.

"నువ్వా?"

"పుదీనా డబ్బా. కాలితో తోశాను. ఆయన చూస్తుండగానే తోశాను. మూరెడు జరిగింది."

"ఆయన తలాక్ అన్న తర్వాతా?"

"అన్న తర్వాతే. ముందు తోస్తే ఏముంది?"

నాయిఫ్ తల పట్టుకున్నాడు. "దేవుడా! ఇద్దరికీ కలిపి ఒక్క పిసరు బుద్ధి ఇవ్వలేకపోయావా! పుదీనా డబ్బా కోసం కాపురాన్ని కాలితో తంతావా అమ్మా?"

"నేను తన్నింది డబ్బాని. కాపురాన్ని తన్నింది మీ నాన్న."

ఆవిడ ఆకు వలవడం ఆపింది. వేళ్ళు పచ్చగా, జిగురుగా ఉన్నాయి. గుడ్డకి తుడుచుకోకుండా అలాగే చూసుకుంటూ కూర్చుంది.

"నేనీ ఇంట్లో అడుగు పెట్టిన మొదటి వేసవిలో అడిగాను. వాకిట్లో ఒక్క మల్లెతీగ పెట్టుకుందామండీ అని. నీళ్ళెక్కడివీ అన్నారు. మరుసటేడు అడిగాను. నీళ్ళెక్కడివీ అన్నారు. నువ్వు పుట్టాక అడిగాను. పసివాడి గుడ్డలుతకడానికే చాలడం లేదు, మల్లెతీగా అని నవ్వారు. నిజమే కదా అనుకున్నాను. గిన్నెలు కడిగిన నీళ్ళతో మెట్లు కడుక్కుంటూ బతికాను. ప్రతి వేసవీ అడుగుతూనే వచ్చాను, ప్రతి వేసవీ అదే జవాబు. ఆదివారం బట్టలు ఆరేద్దామని పైకెళితే ఏముందక్కడ? మల్లెతీగ! పందిరి కట్టి మరీ! చుట్టూ నేలంతా తడి. ట్యాంకు మూత తీసి ఉంది."

"అంబర్‌కి..." అని నాయిఫ్ ఏదో అనబోయాడు.

"అంబర్ మీద నాకేం కోపం లేదురా. పాపం, దానికేం తెలుసు? నా చేత్తో దానికి బార్లీ వెయ్యలేదా? దాని కాలు విరిగితే నా ఉన్ని దారంతోనే కట్టు కట్టాను. దాని గురించి కాదు." ఆకు పళ్ళెం పక్కకి నెట్టింది. "ఈ తీగ పీకెయ్యండి, లేకపోతే నేనే పీకేస్తాను అన్నాను. అప్పుడు అన్నారు ఆ మాట. ఒక్క డబ్బా జరిగితే అని. అంటే నేను జరిగినా ఫరవాలేదు, డబ్బా జరక్కూడదు. అప్పుడు తోశాను. ఇంకోసారి అన్నా ఇంకోసారి తోస్తాను."

నేను పొయ్యి దగ్గరికెళ్ళి, ఉడుకుతున్న కోడి కింద మంట తగ్గించాను.

అత్తయ్య మీద నాకు జాలేసింది, కోపమూ వచ్చింది. ఆ మల్లెతీగ మాట ఆదివారం నాడే చెప్పి ఉంటే మామయ్యని నేనే నాలుగు దులిపేదాన్ని కదా! చెప్పదు. గౌను వేసుకుని తలుపు చాటున నిలబడుతుంది.

నాయిఫ్ లేచి చెయ్యి కడుక్కోబోయాడు. కుళాయి బుసబుసమని గాలి వదిలింది, నీళ్ళు రాలేదు.

"చూశావా!" అన్నాను.

"చూశాను," అన్నాడు తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ. "హనాదీ, నువ్వే వెళ్ళి నాన్నని ఒప్పించు. సాయంత్రం షేక్ లుత్ఫీ గారి దగ్గరికి వెళదాం. ఆయనేం చెబితే అది చేద్దాం."

"నేనా? కన్నకొడుకువి నువ్వుండగా?"

"నేనడిగితే అరుస్తాడు. నీ మీద అరవడు."

ఈ ఇంట్లో నామీద ఎవరూ అరవరు. అందుకే అందరి అరుపులూ నా చేతే మోయిస్తారు.

*

మేడ మీద ఎండ మాడిపోతోంది. మామయ్య పావురాల గూడు నీడలో బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నారు. గూడు ఖాళీ. రెండేళ్ళ కిందట, ఆయన ఊపిరితిత్తుల్లోకి పావురాల దుమ్ము చేరిందని డాక్టర్ చెప్పాక, అత్తయ్య పట్టుబట్టి మందనంతా అమ్మించేసింది. అంబర్ ముసలిది, ఎవరూ కొనలేదు. కొంటామన్నా ఈయన ఇచ్చేవారు కాదు లెండి.

మేం స్నానాల గది బాగు చేయించినప్పుడు పీకేసిన పాత తొట్టి మేడ మధ్యలో ఉంది. ఈమధ్య చచ్చిపోయాక అందులో అంబర్‌ని పాతిపెట్టారు. మట్టి ఊళ్ళో దొరకదని సాల్ట్ అనే ఊరి దాకా పోయి, స్నేహితుడి పొలంలోంచి పిండి సంచుల్లో నింపి తెచ్చారు. ఆ సంచులన్నీ కొండ మెట్ల మీదుగా భుజాన మోశారు, ఉబ్బసం మనిషి! తొట్టిలో బార్లీ మొలకలు వెంట్రుకల్లా లేచి ఉన్నాయి. ఒక చలువరాతి ముక్క మీద పచ్చ రంగుతో 'అంబర్' అని రాసి ఉంది. పక్షులు తాగడానికి ఒక పళ్ళెంలో నీళ్ళు. తొట్టి చుట్టూ నేతి డబ్బాల్లో, ఆలివ్ నూనె డబ్బాల్లో జెరేనియం, వాము, పుదీనా. గూటికున్న ఇనుప వలని పందిరిగా వంచి, దాని మీదికి మల్లెతీగ పాకించారు.

బాగుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, మా కొండ మీద అంత అందమైన మేడ ఇంకెవరికీ లేదు. ఆ తొట్టికి చిల్లు ఉంది, అది కారి కారి సరిగ్గా నా మంచం పైన కప్పు మీద దుప్పటంత మరక పడింది, అది వేరే సంగతి. మొన్న టీలోకి నాలుగు పుదీనా ఆకులు తెంపుకుంటానంటే "అది అంబర్‌దమ్మా" అన్నారు. చచ్చిన పావురం టీ తాగుతుందా అని అడగబోయి నోరు నొక్కుకున్నాను.

పుదీనా డబ్బా ఒక్కటి వరస తప్పి ఉంది.

"మళ్ళీ సర్దలేదే?" అన్నాను.

"నేను జరపలేదు, నేను సర్దను," అన్నారు మామయ్య.

ఒళ్ళు మండింది నాకు. "మామయ్యా, మీరు పాతికేళ్ళ కుర్రాడేం కాదు. అక్కడ అత్తయ్య కొడుకు ఇంట్లో ముసుగేసుకుని తిరుగుతోంది. మీరేమో ఇక్కడ బకెట్ మీద కూర్చున్నారు. నేను పొద్దున్నుంచి రాత్రి దాకా మీ ఇద్దరి మధ్యా టపా మోస్తున్నాను. సాయంత్రం షేక్ గారి దగ్గరికి వెళదాం, లేవండి."

"నేను రాను."

"ఎందుకు రారు?"

"వెళ్ళి ఏం చెప్పను? పావురం కోసం పెళ్ళానికి తలాక్ చెప్పానని చెప్పనా? వాళ్ళు నవ్వుతారు. నా మాట నమ్మను కూడా నమ్మరు." ఎదుటి కొండ వైపు చూశారు. అక్కడ పావురాలు ఎగరేసే అబూ దీబ్ మంద గాల్లో తిరుగుతోంది. మలుపు తిరిగినప్పుడల్లా తెల్లగా మెరుస్తోంది. "నీకు తెలీదు. ఒకసారి ఏదో గోడ తగాదాలో సాక్ష్యానికి వెళ్ళాను. ఆ గోడ ఎవరు కూల్చారో ఈ మేడ మీద నుంచి నా కళ్ళతో చూశాను. అవతలి వాడు లేచి, 'ఈయన పావురాలు ఎగరేస్తాడండీ' అన్నాడు. అంతే. అందరూ నవ్వారు. పావురాలవాడి సాక్ష్యం చెల్లదట. పొద్దస్తమానం మేడల మీద నిలబడి ఇరుగుపొరుగు ఆడవాళ్ళని చూస్తాడట, ఎదుటివాడి పావురాన్ని పట్టుకుని నాదేనని దొంగ ఒట్లు వేస్తాడట. నేను ఒక్కనాడు వెయ్యలేదమ్మా దొంగ ఒట్టు. నిజం చెప్పి తలొంచుకుని ఇంటికొచ్చాను."

ఆయన మంద వైపు చూస్తూనే చెప్పుకుపోతున్నారు.

"ఆ అబూ దీబే ఒకసారి అంబర్‌ని వలేసి పట్టాడు. ఎగిరిపోకుండా రెక్కలు కత్తిరించాడు. పట్టిన పావురాన్ని తిరిగివ్వమని అడగకూడదు, అది మా మర్యాద. నేను అడగలేదు. ఒకరోజు పొద్దున వాకిలి తీస్తే మన మెట్ల మీద ఉంది. నడిచి వచ్చింది హనాదీ! ఆ కొండ దిగి, బజారు దాటి, కార్ల మధ్యనుంచి, ఈ మెట్లన్నీ ఎక్కి. కాళ్ళు నెత్తురోడుతున్నాయి. ఎగరడం రాకపోతే నడిచి వచ్చింది. నా దగ్గరికి అట్లా ఎవరొచ్చారు?"

"అత్తయ్య రాలేదా?" అన్నాను.

ఆయన తిరిగి చూశారు.

"అత్తయ్య కూడా పుట్టింటి నుంచి మీ దగ్గరికే వచ్చింది కదా. ఒక్క మల్లెతీగ అడిగింది కదా. నీళ్ళు లేవన్నారు కదా."

"మల్లెతీగా? ఎప్పుడడిగింది?"

ఆయన అబద్ధమాడటం లేదు. ఆ మొహం చూస్తే తెలుస్తోంది. నిజంగానే గుర్తు లేదు. అబద్ధమాడితే అంత కోపం వచ్చేది కాదు నాకు.

"ప్రతి వేసవిలో! నాయిఫ్ పుట్టకముందు నుంచి! ఆదివారం ఆవిడ పుదీనా డబ్బాని ఊరికే తోసిందనుకున్నారా? మీరు దీనికి మల్లెపందిరి వేశారని తోసింది. నలభై ఏళ్ళ నాటి పావురాల పేర్లు ఒక్కటి పోకుండా చెబుతారు. ఆవిడ అడిగిన ఒక్క మాట గుర్తు లేదా మీకు?"

కొంచెం ఎక్కువే అన్నాను. అన్నాక భయమేసింది. మామగారిని అంత మాట ఎప్పుడూ అనలేదు.

మామయ్య మల్లెతీగ వైపు చూశారు. ఒక ఎండుటాకు తీసి జేబులో వేసుకున్నారు. అబూ దీబ్ ఈల వేస్తే మంద దిగిపోయింది, ఆకాశం ఖాళీ అయింది.

"ఏడ్చిందా?" అని అడిగారు.

"లేదు."

"ఏడవకపోతే కోపం తగ్గలేదన్నమాట." మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచారు. "నా కోటు ఇస్త్రీ చేసి ఉందేమో అడుగమ్మా మీ అత్తని."

*

షేక్ లుత్ఫీ గారి గది మసీదు పక్కనే ఉంటుంది. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక వెళ్ళాం. అత్తయ్య గోడవారన నా పక్కన కూర్చుంది. మామయ్య ఎదురుగా, నాయిఫ్ తలుపు దగ్గర. ఏమైనా తేడా వస్తే ముందు పారిపోవడానికన్నట్టు.

షేక్ గారు తాపీ మనిషి. యాలకుల కాఫీ చిన్న కప్పుల్లో తనే పోసి అందరికీ ఇచ్చారు. సంగతంతా నాయిఫ్ చెప్పాడు. పావురం అన్నప్పుడు షేక్ గారి కనుబొమ్మలు పైకి లేచాయి, డబ్బా అన్నప్పుడు ఇంకా పైకి లేచాయి, అత్తయ్య తోసింది అన్నప్పుడు కాఫీ కింద పెట్టేశారు.

"ఉమ్మ్ నాయిఫ్, తలాక్ మాట విన్నాకే తోశావా?"

"విన్నాకే," అంది అత్తయ్య. మా దగ్గర పెద్దవాళ్ళని కొడుకు పేరుతోనే పిలుస్తారు, ఉమ్మ్ అంటే తల్లి, అబూ అంటే తండ్రి.

"హుఁ." గడ్డం నిమురుకున్నారు. "సరే. అబూ నాయిఫ్, ఇప్పుడు అంతా నీ మీద ఉంది. కోపంలో మగవాళ్ళు చాలా అంటారు. నువ్వు ఆమెని బెదిరించడానికే కదా అన్నావు? డబ్బా జరపకుండా ఆపడానికే కదా? వదిలెయ్యాలని కాదు కదా?"

ఎంత మంచి మనిషో చూడండి. జవాబు కూడా ఆయనే చేతిలో పెడుతున్నారు. అవునండీ అంటే సరిపోతుంది. అప్పుడది తలాక్ కాదు, ఒట్టు కిందే లెక్క, తప్పినందుకు పదిమంది పేదవాళ్ళకి అన్నం పెట్టి ఇంటికి పోవచ్చు. నాయిఫ్ అక్కడి నుంచే అవునన్నట్టు తలూపుతున్నాడు. నేనూ ఊపుతున్నాను. నా మంచం, నా వంటిల్లు, నా మొగుడు మళ్ళీ నాకు దక్కే రోజు వచ్చిందని ప్రాణం లేచొచ్చింది.

మామయ్య కప్పుని అరచేతుల్లో తిప్పుతున్నారు.

"చెప్పు నాన్నా," అన్నాడు నాయిఫ్.

"షేక్ గారూ," అన్నారు మామయ్య, "పావురాలవాడి మాట చెల్లుతుందా?"

"ఇది సాక్ష్యం కాదయ్యా. నీ మనసులో ఏముందో నీకూ దేవుడికీ తప్ప ఎవరికి తెలుస్తుంది? నువ్వేం చెబితే నేనది నమ్మాల్సిందే."

"నమ్ముతారా?"

"నమ్ముతాను."

మామయ్య నిటారుగా కూర్చున్నారు.

"అయితే నిజమే చెబుతాను. బెదిరించడానికి కాదు. ఆ నిమిషంలో నిజంగానే అనుకున్నాను. పోతే పోనీ అనుకున్నాను. తర్వాత ఆ నిమిషం పోయింది. కానీ అన్నప్పుడు మాత్రం అనుకునే అన్నాను."

అత్తయ్య చెయ్యి నా మోకాలి మీద ఉంది, గట్టిగా బిగుసుకుంది.

"నాన్నా!" నాయిఫ్ లేచి నిలబడ్డాడు. "ఒక్క మాట! అవును అని ఒక్క మాట అనలేకపోయావా? జీవితంలో ఈ ఒక్క రోజే దొరికిందా నీకు నిజం చెప్పడానికి?"

"నమ్ముతానన్నారు కదరా," అన్నారు మామయ్య. "నా మాట నమ్ముతానన్న మనిషి ముందు అబద్ధం ఎట్లా చెప్పను?"

ఇక ఏం చెయ్యాలి ఈ మనిషితో! తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆయన మొహం చూస్తే ఏడుపూ వచ్చింది.

షేక్ గారు చల్లారిన కాఫీ పక్కకి జరిపారు.

"అయితే ఒక తలాక్ పడినట్టే," అన్నారు చివరికి. "ఇంతకు ముందెప్పుడైనా అన్నావా?"

"ఎప్పుడూ అనలేదు."

"అయితే భయం లేదు. ఇదే మొదటిది కనక తెగిపోలేదు. ఆమె నీ ఇంట్లోనే ఉండాలి, నీ ముందు ముసుగు కూడా అక్కర్లేదు. నువ్వు 'నిన్ను తిరిగి తెచ్చుకుంటున్నాను' అని ఒక్క మాట అను, నేనూ నీ కొడుకూ సాక్షులుగా వింటాం, సరిపోతుంది. రేపు వెళ్ళి కోర్టు ఆఫీసులో కూడా రాయించుకో. ఆమెని అడగాల్సిన పని కూడా లేదు. అనెయ్."

హమ్మయ్య అనుకున్నాను. నాయిఫ్ కూడా ఊపిరి వదిలాడు.

"అను నాన్నా, అను. గబగబా అను."

మామయ్య అనలేదు. కప్పు నేల మీద పెట్టి, అత్తయ్య వైపు తిరిగారు. ఆదివారం తర్వాత ఆయన ఆవిడ మొహం వైపు నేరుగా చూడటం అదే మొదటిసారి.

"అడక్కుండా ఎట్లా అంటాను షేక్ గారూ?" అన్నారు. "ఆవిడ ఇన్నేళ్ళు ఏం అడిగినా నా చెవికెక్కలేదట. నాకే తెలీదు, కోడలు చెబితే తెలిసింది. ఇవాళ్టికి నేను అడుగుతాను." కొంచెం ముందుకి వంగారు. "ఉమ్మ్ నాయిఫ్, నా దగ్గరికి తిరిగి వస్తావా?"

షేక్ గారు కూడా అత్తయ్య వైపే చూస్తున్నారు. సరే అంటుంది, ఏడుస్తుంది, అందరం ఇంటికి పోతాం అనుకున్నాను. నేను కూడా ఏడవడానికి సిద్ధంగా ఉన్నాను.

అత్తయ్య నా మోకాలి మీద నుంచి చెయ్యి తీసేసింది.

"షేక్ గారూ, గడువెంత?" అంది.

"గడువా?"

"ఈయన నన్ను తిరిగి తెచ్చుకోవడానికి గడువుంటుంది కదా. ఎన్నాళ్ళు?"

"నీ వయసు వాళ్ళకి మూడు నెలలు. కానీ ఎందుకమ్మా అన్నాళ్ళు? ఇప్పుడే..."

"మూడు నెలలు," అంది అత్తయ్య తనలో తను. ముసుగు నెత్తి మీదికి సర్దుకుంది. గొంతులో కోపం లేదు, అదే నన్ను భయపెట్టింది. "నా పెళ్ళప్పుడు మా నాన్నని అడిగారు. ఇల్లు కట్టినప్పుడు మా మామగారిని అడిగారు. మందని కొన్నప్పుడు ఎవరినీ అడగలేదు. నీకేం కావాలని నన్ను ఒక మనిషి అడగడం ఇదే మొదటిసారి షేక్ గారూ. గబుక్కున జవాబు చెప్పేస్తానా?"

"అమ్మా!" అన్నాడు నాయిఫ్.

"వంట చేస్తాను, మాత్రలిస్తాను, మీరు చెప్పారు కాబట్టి ఆయన ఇంట్లోనే ఉంటాను. జవాబు మాత్రం ఆలోచించుకుని చెబుతాను."

లేచి నిలబడింది. మామయ్య నోరు తెరుచుకుని ఆవిడ వైపు, ఆ తర్వాత నా వైపు చూశారు, ఇందులో నేనేదో మోసి తెచ్చి చెప్పాల్సిన మాట ఇంకా మిగిలి ఉన్నట్టు.

నా దగ్గర ఏ మాటా లేదు. అత్తయ్య అప్పటికే మెట్లు దిగుతోంది, నేను చెప్పులు వెతుక్కుంటున్నాను.